ఒక గింజ అప్పు

కృష్ణా డెల్టాలో పెద్ద కాలువ రెండు పాయలుగా చీలు చోటులు అనేకము కలవు. అచ్చట గట్టుపై నిలిచి చూచువారికి రెండు పాయలలోని నీరును ఒక్కటిగనే కనుపించును. అదే రంగు, అదే వేగము. కాని పది మైళ్లు పోవునప్పటికి ఒక పాయ ఒక ఊరి పొలములను, రెండవ పాయ వేరొక ఊరి పొలములను తడుపుచుండును. చీలిన చోటికి మరలి వచ్చుట నీటికి సాధ్యము కాదు. చదువులో కూడ ఇట్టి చోటులు కలవు. పదమూడు పదునాలుగు సంవత్సరముల ప్రాయమున, మనస్సింకను ఆటలయందే ఉండగా, బాలబాలికలు అట్టి చోట నిలువవలసి వచ్చును.

1960వ దశకమున ఆంధ్రప్రదేశములోని ఉన్నత పాఠశాలలలో ఈ చీలిక గణితము కడ నుండెడిది. ఎనిమిదవ తరగతి దాటు విద్యార్థి రెండు విధములైన లెక్కలలో ఒకదానిని ఎన్నుకొనవలెను. ఒకటి జనరల్ లెక్కలు, రెండవది కాంపోజిట్ లెక్కలు. మొదటిదానిలో నిత్యజీవితమునకు వలయు అంకగణితము ప్రధానము. వడ్డీలు, లాభనష్టములు, వైశాల్యములు మొదలగునవి అందుండును. రెండవదానిలో బీజగణితము, రేఖాగణితము లోతుగా నుండెడివి. ఎంత వచ్చెనని మాత్రమే గాక, ఎందుచేత వచ్చెనని కూడ అందు చెప్పవలెను. పై చదువులలో గణితమును, భౌతికశాస్త్రమును అభ్యసింపగోరువారు కాంపోజిట్ తీసికొనుట వాడుక. దానిని విడిచినవారికి ఆ వైపు ద్వారము దాదాపు మూసికొనిపోయెడిది.

1962వ సంవత్సరమున, డెల్టాలోని ఒక చిన్న పట్టణమున, ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలికకు ఈ సమస్య ఎదురయ్యెను. పాఠశాలవారు ఒక కాగితము నిచ్చి, ఏ లెక్కలు కావలయునో వ్రాసి, తండ్రిచేత సంతకము చేయించి, పది దినములలో తెమ్మనిరి.

ఆమె తండ్రి బియ్యపు మిల్లులో గుమాస్తా. చిట్టా, ఆవర్జా వ్రాయుట ఆయన పని. కలము కాగితము లేకుండ నోటితోనే లెక్క కట్టుటలో ఆయనకు ఆ వీథిలో సాటి లేదు. ఆరు మణుగుల మూడు వీశల సరకు ఖరీదెంత యని అడుగుటయే ఆలస్యము, అణాలతో సహా చెప్పివేసెడివాడు. పావులు, వీసములు మొదలగు భిన్నముల ఎక్కములన్నియు ఆయనకు కంఠస్థములు. వాటిని వీథిబడిలో బెత్తము దెబ్బలతో నేర్చెను. అయితే 1957వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి 16 అణాల లెక్క పోయి 100 నయాపైసల లెక్క వచ్చినది. ఆ పిదప కొలది సంవత్సరములలోనే వీశలకు, మణుగులకు బదులు కిలోగ్రాములు వచ్చినవి. మిల్లులో క్రొత్తగా చేరిన కుఱ్ఱవాడు దశాంశములతో చక చక లెక్క కట్టుచుండగా, ఆయన మనస్సులో ముందు అణాలలో కట్టి, తరువాత పైసలలోనికి మార్చుకొనుచుండెను. ఆ సంగతి ఆయన ఇంట ఎన్నడును చెప్పలేదు.

ఇంటి పరిస్థితి అంతంత మాత్రము. ఆ కుటుంబమున ఉన్నత పాఠశాల వఱకు వచ్చిన ఆడపిల్ల ఈమెయే. ఒక్కసారి తప్పినచో మరల చదివించు శక్తి తండ్రికి లేదు. చదివింప నిచ్చు బంధువులును లేరు. "తప్పినదానికి ఇంకేమి చదువు?" అను మాట కొఱకు కాచుకొని యున్నవారు ఇరుగుపొరుగున చాలమంది కలరు. కనుక ఆ బాలిక ఎన్నుకొనవలసినది లెక్కలలో రెండు విధములలో ఒకటి మాత్రమే కాదు. సుఖముగా పరీక్ష దాటుట ఒక వైపు, చదువే ఆగిపోవు ప్రమాదముతో కూడిన పెద్ద దారి మఱియొక వైపు ఉండెను.

సలహాలకు కొఱత లేకపోయెను. పొరుగింటివారు, "ఆడపిల్లకు కాంపోజిట్ లెక్కలెందుకు? చాకలి పద్దు వ్రాయుట వచ్చిన చాలదా?" అనిరి. మేనత్త కుమారుడు అంతకు మూడేండ్ల ముందు కాంపోజిట్ తీసికొనెను. అది అతనికి ఇష్టమై తీసికొనలేదు. తెలివిగలవారందరు దానినే తీసికొందురనియు, తీసికొననివాడు మందమతి అనుకొందురనియు తీసికొనెను. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో రెండుమార్లు ఆ లెక్కలలోనే తప్పి, ఇప్పుడు బట్టల దుకాణమున గజములు కొలుచుచుండెను. అతడు, "నా మాట విని ఆ జోలికి పోకుము" అని చెప్పెను.

తరగతిలో ఆమె ప్రక్కన కూర్చుండు నేస్తము మాత్రము ఏ తటపటాయింపును లేకుండ జనరల్ లెక్కలు వ్రాసి ఇచ్చెను. ఆ పిల్లకు తెలుగు పద్యములన్న ప్రాణము. "నాకు లెక్కలన్న భయము లేదు. కాని సాయంకాలము ఒక గంట మిగిలినచో పద్యములు చదువుకొందును గాని, త్రిభుజములు గీయను" అని ఆమె నవ్వెను. ఆ మాటలోని నిశ్చయమును చూచి బాలికకు అసూయ కలిగెను. తనకేది ప్రాణమో ఆ నేస్తమునకు తెలియును. తనకు తెలియదు.

మార్కులను బట్టి తేల్చుకొందమన్న, అవియును తోడ్పడలేదు. ఆమెకు లెక్కలలో ఎప్పుడును మంచి మార్కులే వచ్చుచుండెను. కాని అర్ధసంవత్సర పరీక్షలో జరిగిన యొక సంగతి ఆమె మనస్సును ముల్లువలె బాధించుచుండెను. పుస్తకమున త్రిభుజమునకు అ, ఆ, ఇ అని పేర్లుండెను. లెక్కల మాస్టారు ప్రశ్నపత్రమున ఆ త్రిభుజమునే తలక్రిందులుగా గీసి, క, చ, ట అని పేర్లు పెట్టెను. ఆమె పుస్తకములోని ఉపపత్తిని అక్షరము పొల్లుపోకుండ అ, ఆ, ఇ అనియే వ్రాసి వచ్చెను. మాస్టారు దానికి సున్న వేసి, ప్రక్కన ఎఱ్ఱసిరాతో, "ఇది ఎవరి త్రిభుజము?" అని మాత్రము వ్రాసెను. మిగిలిన లెక్కలన్నియు సరిగా నుండుటచే మొత్తము మార్కులు తగ్గలేదు. ఆ ఎఱ్ఱసిరా ప్రశ్న సంగతి ఎవ్వరికిని తెలియదు. తాను ఇన్నాళ్లు నేర్చినది గణితమో, గణితమును వల్లించుటయో ఆమెకే సందేహము కలిగెను.

రెండు దినములు గడచిన పిదప ఆమె మాస్టారి ఇంటికి పోయి, కాగితము చూపి, "ఏది వ్రాయుమందురు మాస్టారూ?" అని అడిగెను.

మాస్టారు వెంటనే సమాధానము చెప్పలేదు. ఆయన పలకపై ఒక చదరంగపు బల్ల గీసెను. "ఇందులో 64 గదులు కలవు. మొదటి గదిలో ఒక గింజ, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇట్లు గదిగదికి రెట్టింపు పెట్టుచు పొమ్ము. మొదటి పది గదులలోని గింజలు మొత్తమెంత? పదునాఱు గదులలోనివి ఎంత? కూడి చూడుము. అందొక విశేషము నీకు కనబడును. ఆ విశేషము ఏమిటో కాదు నాకు కావలసినది; అది ఎందుచేత అట్లున్నదో చెప్పవలెను. ఆఱు దినములు గడువు. పుస్తకము చూడవలదు. ఇంకొక మాట. ఈ ఆఱు దినములు నీవెట్లుంటివో దానిని కూడ గమనించుకొని రమ్ము" అని చెప్పి పంపెను.

ఆ రాత్రియే ఆమె కూడుటకు మొదలుపెట్టెను. ఒకటి, ఒకటియు రెండును మూడు, నాలుగు కలిపిన ఏడు, ఎనిమిది కలిపిన పదునైదు, తరువాత ముప్పదియొకటి, అఱువదిమూడు. విశేషము కనబడుటకు ఎంతో సేపు పట్టలేదు. ఎచ్చట ఆపి చూచినను మొత్తము తరువాతి గదిలో పెట్టవలసిన గింజలకంటె సరిగా ఒకటి తక్కువ. పది గదులకు 1,023. పదునొకండవ గదిలో పెట్టవలసినవి 1,024. ఆమె సంతోషముతో నిద్రపోయెను.

మఱునాడు ఆ సంతోషము మాయమయ్యెను. ఎందుచేత? ప్రతిసారియు ఒకటియే ఏల తక్కువ? రెండు ఏల కారాదు? ఆమెకు ఏమియు తోచలేదు. ఇంతవఱకు ఆమె చేసిన ప్రతి లెక్కకును పుస్తకమున ఒక పద్ధతి ఉండెను. పద్ధతి జ్ఞాపకమున్నచో లెక్క వచ్చును, లేనిచో రాదు. పద్ధతియే లేని లెక్క ఆమెకిదే మొదలు. రెండవ దినమున కోపము వచ్చెను. మూడవ దినమున కాగితము చించివేసెను. నేస్తము నిశ్చింతగా ఊయల యూగుచుండుట చూచి, జనరల్ అని వ్రాసి ఇచ్చివేయుదునా యనుకొనెను.

మూడవనాటి రాత్రి తండ్రి భోజనము చేసి అరుగుమీద కూర్చుండగా, ఆమె ప్రశ్న చెప్పెను. ఆయన కన్నులు మూసికొని పెదవులు కదల్చుచు, కలము ముట్టకుండగనే పదునాఱు గదుల మొత్తము 65,535 అని చెప్పెను. "పదునేడవ గదిలో 65,536 పెట్టవలెను. ఔను, ఒకటి తక్కువగనే ఉన్నది" అనెను.

"అది ఎందుచేత నాన్నగారూ?" అని ఆమె అడిగెను.

ఆయన కొంతసేపు ఊరకుండెను. "అది అట్లే వచ్చునమ్మా. ముప్పది యేండ్లుగా లెక్కలు కట్టుచున్నాను. మొత్తమెంత యని అడిగినవారే గాని, ఎందుచేత అని అడిగినవారు లేరు" అనెను. ఆ మాటలో గర్వము లేదు. చిన్న విచారము మాత్రముండెను.

ఐదవ దినము ప్రాతఃకాలమున, ఆమె వంటయింటి గడపపై కూర్చుండి చించిన కాగితపు ముక్కలను అతుకుచుండగా, పొరుగింటి ఇల్లాలు అప్పు తీర్చుటకు బియ్యము తెచ్చెను. ఆ నెలలో ఆమె ఒకమారు మానికెడు, ఒకమారు తవ్వెడు, ఒకమారు సోలెడు, ఒకమారు అరసోలెడు బియ్యము బదులు తీసికొని యుండెను. తెచ్చిన బియ్యమునంతయు నాయనమ్మ ఒక్కొక్క కొలపాత్రతో కొలిచి, అడ్డ అను పెద్ద పాత్రలో పోసెను. ఆ ప్రాంతపు కొలతలలో రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ. అన్నియు పోసినను అడ్డ నిండలేదు. నాయనమ్మ లోపలికి చూడకయే, "ఇంకొక్క అరసోలెడు పోసినచో సరిగా అడ్డ నిండును" అనెను.

బాలిక తల యెత్తెను. "ఎట్లు తెలిసినది నాయనమ్మా?"

"ఇందులో తెలియుట కేమున్నదే? ఈ అరసోల, ఆ అరసోల కలిసిన సోల కాదా? ఆ సోలకు లోపలనున్న సోల తోడైనచో తవ్వ. తవ్వకు తవ్వ తోడైనచో మానిక. మానికకు మానిక తోడైనచో అడ్డ. అంతే కదా" అని ఆ వృద్ధురాలు తన పనిలో తానుండెను. ఆమెకు అక్షరములు రావు.

బాలిక కొంతసేపు కదలక కూర్చుండెను. తరువాత కాగితపు ముక్కలను అచ్చటనే విడిచి, బొగ్గుతో గచ్చుమీద గదులు గీసెను. మొదటి గదిలో ఒక గింజ కలదు. బయటినుండి మఱియొక గింజ అప్పు తెచ్చి దానితో చేర్చినచో రెండు అగును. రెండవ గదిలోను రెండే కలవు, కలిపిన నాలుగు. మూడవ గదిలోను నాలుగే కలవు, కలిపిన ఎనిమిది. ఇట్లు ఒక్క గింజ అప్పుతో గదులన్నియు ఒకదానిపై నొకటి కూలి, చివఱకు తరువాతి గదికి సరిపోవు రాశి యొక్కటే మిగులును. అప్పు తెచ్చిన గింజను తిరిగి యిచ్చివేసినచో ఒకటి తక్కువ! పది గదులైనను, నూఱు గదులైనను అదియే. కూడవలసిన పనియే లేదు.

తల్లి రెండుమార్లు అన్నమునకు పిలిచెను. ఆమెకు వినబడలేదు. మూడవమారు పిలిచినప్పుడు విసుగు కలిగెను. ఆ విసుగును ఆమెయే గమనించెను.

గడువునాటికి ఆమె పోయి ఈ సంగతి యంతయు చెప్పగా మాస్టారు శ్రద్ధతో వినెను. నాయనమ్మ మాట వినునప్పుడు ఆయన ముఖము వికసించెను. "తెలుగువారికి లెక్క క్రొత్త కాదమ్మా. పదునొకండవ శతాబ్దముననే పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెలుగు పద్యములలో వ్రాసెను. నీవు చెప్పిన ఉపాయముతో 64 గదులకును ఎంతయగునో చూడుము" అని పలకపై 1,84,46,74,40,73,70,95,51,615 అని వ్రాసెను. "ఇరువది అంకెల సంఖ్య. కూడబోయినచో చేయి నొచ్చును. నీవు ఒక్క గింజతో దానిని పట్టుకొంటివి."

"అయితే నేను కాంపోజిట్ తీసికొనవచ్చునా మాస్టారూ?"

"తీసికొనవచ్చును. తీసికొనవలెనని మాత్రము నేను చెప్పను. వినుము. మొదటిది, నీకు ఇప్పుడు వచ్చుచున్న మార్కులు అందు రాకపోవచ్చును. రెండవది, దినమునకు ఒక గంట అధికముగా పోవును. ఆ గంట ఏ పనినుండి తీయుదువో ముందే ఆలోచించుకొనుము. మూడవది, దానియందలి ప్రేమతో తక్కిన పాఠములను విడువరాదు. రామానుజనంతటివాడు 1904లో కుంభకోణపు కళాశాలలో విద్యార్థివేతనముతో చేరి, గణితము తప్ప మఱియొకటి చదువక ఆ వేతనమును పోగొట్టుకొనెను. ఎఫ్.ఎ. పరీక్షలోను తప్పెను. ఆయన ప్రతిభ ఆయనను కాపాడినది. అందఱకు అట్లు జరుగదు. నాలుగవది, జనరల్ తీసికొన్నవారు తక్కువవారని ఎన్నడును అనుకొనకుము. నీ నేస్తము సరిగనే ఎన్నుకొనినది. తాను దేనికొఱకు విడుచుచున్నదో ఆ పిల్లకు తెలియును. నీ బావ తాను దేనికొఱకు తీసికొనుచున్నాడో తెలియక తీసికొనెను. తేడా అంతయు అచ్చటనే ఉన్నది. సరే, ఈ ఆఱు దినములు నీవెట్లుంటివి?"

ఆమె దాచక చెప్పెను. "మొదటినాడు సంతోషముగా నుంటిని. మూడుదినములు శిక్షవలె నుండెను. కాగితము చించివేసితిని. నిన్న అమ్మ అన్నమునకు పిలిచినందుకు కోపము వచ్చినది."

మాస్టారు నవ్వి, "మఱి గదిగదికి రెట్టింపు గాక మూడు రెట్లు పెట్టినచో?" అనెను. ఆయన మాట ముగియకముందే ఆమె వ్రేళ్లపై లెక్కించుచుండెను. ఒకటి, నాలుగు, పదుమూడు, నలువది. "ఈసారి ఒకటి తక్కువ కాదే!" అని ఆమె తనలో తాననుకొనెను. మాస్టారు ఆమె చేతివ్రేళ్లను చూచి, కాగితమును తిరిగి యిచ్చివేసెను. ఆయన దానిపై ఏమియు వ్రాయలేదు.

ఆ రాత్రి ఆమె కాగితమును తండ్రి ముందుంచెను. కాంపోజిట్ అని తానే వ్రాసియుండెను. తప్పినచో ఏమగునో ఇద్దఱకును తెలియును కనుక ఇద్దఱును ఆ మాట యెత్తలేదు. నాయనమ్మ కొలతను, అప్పు తెచ్చిన గింజను గూర్చి ఆమె గచ్చుమీద గీసి చూపెను. ఆయన రెండుమార్లు చెప్పించుకొనెను. పిదప చాలసేపటికి ఇట్లనెను: "నేను నేర్చినది లెక్క కట్టుట. అణాలు పోగానే నా ఎక్కములలో సగము పోయినవి. మిల్లులో ఎవ్వరికిని తెలియదు గాని, నేను ప్రతిదినము రెండుమార్లు లెక్క కట్టుచున్నాను. నీవు గచ్చుమీద చూపినది అణాలైనను, పైసలైనను, గింజలైనను ఒక్కటే. అట్టిదానిని నేర్చికొనుట మంచిది." ఆయన సంతకము చేసెను. సంతకము చేయునప్పుడు చేయి కొంచెము తడబడెను. ధైర్యము చెప్పినంత మాత్రమున భయము పోదు కదా.

పై సంవత్సరము మొదటి మూడునెలల పరీక్షలో ఆమెకు కాంపోజిట్ లెక్కలలో నూటికి 31 మార్కులు వచ్చినవి. పుట్టి బుద్ధెఱిగిన తరువాత ఆమెకు అంత తక్కువ మార్కులు వచ్చుట అదియే మొదలు. జనరల్ తీసికొనిన నేస్తమునకు 78 వచ్చినవి. పొరుగింటివారు ఊరకుండలేదు. ఆమె ఆ రాత్రి ఏడ్చెను. మఱునాడు తప్పిన లెక్కలను ముందు పెట్టుకొని, ఒక్కొక్కదాని ప్రక్కన తాను ఎచ్చట తప్పెనో వ్రాసికొనెను. సంవత్సరాంతమునకు మార్కులు పెరిగినవి. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో ఆమె ప్రథమురాలు కాలేదు, ఉత్తీర్ణురాలయ్యెను. గణితముతో పై చదువు చదువుకొనుటకు ఆ మార్కులు చాలినవి. నేస్తము పండితురాలగుటకు తెలుగు చదువ బూనెను. ఇద్దఱును సెలవులలో ఒకే ఊయలపై కూర్చుండి ఒకరి పుస్తకము నొకరు చూచి నవ్వుకొనెడివారు.

తెలుగునాట పాఠశాలలలో ఆ రెండు లెక్కల పద్ధతి పోయి చాలకాలమయినది. ఇప్పుడు పదవ తరగతి వఱకు అందఱును ఒకే గణితమును చదువుదురు. చీలిక ఇంటర్మీడియట్ కడకు జరిగినది. అచ్చట ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి. మొదలగు పేర్లతో దారులు వేఱగును. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలివారు 2020వ సంవత్సరపు పరీక్షలనుండి పదవ తరగతి గణితమున స్టాండర్డ్, బేసిక్ అను రెండు స్థాయిలను పెట్టిరి. పేర్లు మారినను విద్యార్థి యెదుట నున్న ప్రశ్న మారలేదు. కఠినమైన గణితమును చేపట్టవలెనా, వలదా?

ఈ ప్రశ్నకు భయమును సమాధానము చెప్పనీయరాదు. గొప్పతనమును కూడ చెప్పనీయరాదు. భయము సమర్థుని వెనుకకు లాగును. గొప్పతనము ఇష్టము లేనివానిని ముందునకు త్రోయును. మార్కులు సగము సంగతి మాత్రమే చెప్పును. వల్లించుటవలన వచ్చిన మార్కులకును, గ్రహించుటవలన వచ్చిన మార్కులకును కాగితముపై భేదము కనబడదు. రాని లెక్క యొక్కటి దగ్గఱ నుంచుకొని నాలుగు దినములు గడుపగలమా, ఆ నాలుగు దినముల పిదప దానిని విడిచిపెట్టుటకు మనస్సు ఒప్పుకొనునా, అను పరీక్షను ఎవరికి వారే పెట్టుకొనవలెను. విడిచినచో విడిచిన గంటను దేనికి వినియోగింతుమో కూడ తెలిసియుండవలెను. ఇవి తెలిసిన పిదప ఏ దారి ఎన్నుకొనినను పశ్చాత్తాపము తక్కువగనే యుండును.

మాస్టారు ఆ బాలికకు ఇచ్చిన రెండవ ప్రశ్న ఇప్పటికిని అట్లే ఉన్నది. మొదటి గదిలో ఒక గింజ, తరువాత గదిగదికి మూడు రెట్లు. మొత్తములు ఒకటి, నాలుగు, పదుమూడు, నలువది. తరువాతి గదిలోని గింజలకును ఈ మొత్తములకును గల సంబంధమేమి? అది ఎందుచేత అట్లుండవలెను? మూడు రెట్లుగా పెరుగు కొలపాత్రలు నాయనమ్మ వంటయింట లేవు. కనుక ఈసారి ఆ బాలికకు సాయము చేయువారు లేకపోయిరి. ఆమెకు పదునొకండు దినములు పట్టినది.